తాళం వదిలితే ఆగిపోయే అంబాసిడర్

ప్రశ్న: మాది తెనాలి. మా నాన్నగారు వదిలివెళ్లిన పాత పెట్రోలు అంబాసిడర్‌ను ఇప్పుడు నేను నడుపుతున్నాను. 1489 సీసీ ఇంజను, సెల్ఫ్ తాళంతోనే పనిచేస్తుంది. రెండు నెలలుగా ఒక ఇబ్బంది వచ్చింది. తాళం తిప్పి సెల్ఫ్ కొడితే ఇంజను అందుకుంటుంది, చేయి వదలగానే ఆగిపోతుంది. మొదట్లో అప్పుడప్పుడూ జరిగేది, తర్వాత రోజూ మొదలైంది. అంతకు ముందు కూడా దారిలో ఒక్కోసారి పెట్రోలు ముల్లు సున్నాకు పడి మళ్లీ లేచేది, వైపర్ మధ్యలో ఆగేది. హెడ్‌లైట్లు, హారన్ మాత్రం ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. మెకానిక్ స్పార్క్ తెప్పించే కాయిల్, కండెన్సర్, పాయింట్లు, ప్లగ్గులు అన్నీ మార్చారు. ఫలితం లేదు. చివరికి బ్యాటరీ నుంచి కాయిల్‌కు డైరెక్ట్ వైరు లాగి, డాష్‌బోర్డు కింద ఒక చిన్న స్విచ్ పెట్టారు. ఇప్పుడు బండి బాగా నడుస్తోంది. తమాషా ఏమిటంటే, తాళం చేతిలో ఉన్నా ఆ స్విచ్ వేస్తే చాలు, పెట్రోలు ముల్లు లేస్తుంది, వైపర్ తిరుగుతుంది. వచ్చే నెల కుటుంబంతో తిరుపతి వెళ్లాలి. ఇలాగే వెళ్లవచ్చా? పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకుంటే ఈ బాధ తీరుతుందని ఒకరు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: వెళ్లవద్దు. తిరుపతి సంగతి అటుంచి, ఆ వైరు మీద బజారుకు కూడా వెళ్లవద్దు. ఎందుకో చెబుతాను. అంతకంటే ముందు మీ ఉత్తరాన్ని మెచ్చుకోవాలి. మీకు తెలియకుండానే రోగ నిర్ధారణ మొత్తం అందులో రాసేశారు. మీరు ‘తమాషా’ అన్న వాక్యం నాలుగు కొత్త విడిభాగాల కంటే విలువైనది.

మీ కారుది బ్రిటిష్ వంశం. మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను ఆధారం చేసుకుని హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో దీన్ని తయారుచేశారు, 2014 వరకు చేస్తూనే వచ్చారు. ఆ వంశం బండ్లలో కరెంటు నడిచే తీరు లూకస్ అనే బ్రిటిష్ విడిభాగాల కంపెనీ పద్ధతి. ఒకసారి అర్థమైతే ఇంత సూటిగా ఉండే వైరింగు మరొకటి లేదనిపిస్తుంది. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు బ్రౌన్ వైర్లలో నడుస్తుంది. తాళంతో పని లేకుండా అందులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. హెడ్‌లైట్లు, హారన్ తమ కరెంటును ఇక్కడి నుంచే తీసుకుంటాయి. బ్రౌన్ వైరు తాళం స్విచ్‌లోకి వెళుతుంది, తాళం తిప్పితే అవతలి వైపు తెల్ల వైరులోకి కరెంటు వస్తుంది. ఆ తెల్ల వైరు రెండుగా చీలుతుంది. ఒక పాయ నేరుగా ఇగ్నిషన్ కాయిల్‌కు పోతుంది. రెండోది ఫ్యూజు దాటి ఆకుపచ్చ వైరుగా మారి పెట్రోలు ముల్లు, వైపర్, ఇండికేటర్లు, బ్రేకు దీపాలకు వెళుతుంది. తాళాన్ని ఇంకొంచెం తిప్పితే ఎర్రగీత ఉన్న తెల్ల వైరులోకి కరెంటు వచ్చి సెల్ఫ్ సొలినాయిడ్, అంటే సెల్ఫ్ మోటారుకు పెద్ద కరెంటు కలిపే స్విచ్, పనిచేస్తుంది.

ఇప్పుడు మీ ఉత్తరాన్ని ఈ దారి పక్కన పెట్టి చదవండి.

హెడ్‌లైట్లు, హారన్ బాగున్నాయి కాబట్టి బ్యాటరీకీ బ్రౌన్ వైర్లకూ ఇబ్బంది లేదు. సెల్ఫ్ తిరుగుతోంది కాబట్టి బ్రౌన్ వైరు తాళం స్విచ్ దాకా చక్కగా చేరుతోంది. పెట్రోలు ముల్లు, వైపర్ కలిసి తప్పుతున్నాయంటే ఫ్యూజు మీద అనుమానం రావాలి. కానీ కాయిల్ కరెంటు ఆ ఫ్యూజు గుండా పోదు, దాని కంటే ముందే చీలిపోతుంది. ముల్లు, వైపర్, ఇంజను మూడూ కలిసి తప్పుతున్నాయంటే మూడూ కలిసి ఉన్న చోటే లోపం ఉండాలి. అంటే చీలిక దగ్గర గానీ, దాని వెనుక స్విచ్‌లో గానీ.

ఇక ఆ తమాషా. కొత్త చిన్న స్విచ్ వేస్తే బ్యాటరీ కరెంటు కాయిల్‌కు చేరుతుంది. అక్కడితో ఆగకుండా, కాయిల్‌కు తగిలించి ఉన్న పాత తెల్ల వైరులో వెనక్కు నడిచి, చీలిక దగ్గరకు వచ్చి, ఫ్యూజు దాటి, ముల్లును లేపుతోంది, వైపర్‌ను తిప్పుతోంది. కాయిల్ నుంచి చీలిక దాకా, చీలిక నుంచి ఫ్యూజు దాకా వైర్లన్నీ ఆరోగ్యంగా ఉన్నాయనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మిగిలింది ఒక్కటే, తాళం స్విచ్. అందులోనూ సెల్ఫ్ స్థానం పనిచేస్తోంది, ‘ఆన్’ స్థానం పనిచేయడం లేదు.

ఈ స్విచ్‌ల లోపల స్ప్రింగు నొక్కిపట్టిన ఇత్తడి రేకు ఒకటి రాగి మొనల మీద జరుగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి అది ‘ఆన్’ స్థానంలో ఒకే చోట కూర్చుంటుంది. ఆపిన ప్రతిసారీ అక్కడే చిన్న మెరుపు పుడుతుంది. ఆ చోటు నల్లబడుతుంది, గుంట పడుతుంది, లోపలి గ్రీజు గట్టిపడుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు రేకు ఇంకొంచెం ముందుకు జరిగి అరగని చోటును తాకుతుంది, కరెంటు వస్తుంది. చేయి వదలగానే మళ్లీ నల్లబడిన చోటికే వస్తుంది. దారిలో గతుకు తగిలినప్పుడు ముల్లు పడి లేవడం కూడా ఇదే. తాళంతో పాటు ఇంటి తాళాలు, బీరువా తాళాలు అన్నీ ఒకే గుత్తిలో వేలాడుతుంటే ఈ అరుగుదల ఇంకా తొందరగా వస్తుంది. మీ గుత్తి ఎంత బరువుందో ఒకసారి చూసుకోండి.

మెకానిక్‌ను నేను తప్పుపట్టేది వైరు లాగినందుకు కాదు. డైరెక్ట్ వైరు మంచి పరీక్ష. దానితో ఇంజను నడిచిందంటే కాయిల్, పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు అన్నీ నిర్దోషులని తేలినట్టే. ఆ పరీక్ష మొదటి రోజే చేసి ఉంటే మీకు ఇంత ఖర్చు తప్పేది. పరీక్షను మరమ్మతుగా ప్రకటించడమే పొరపాటు.

ఆ వైరు వల్ల ముప్పు చాలా వైపుల నుంచి ఉంది. బ్యాటరీ దగ్గర దానికి ఫ్యూజు పెట్టారా? మీరు రాయలేదు, పెట్టి ఉండరనే నా అనుమానం. ఇంజను గదిలోంచి డాష్‌బోర్డు కిందికి వచ్చే చోట బండి రేకుకు ఉన్న రంధ్రంలో రబ్బరు వలయం లేకపోతే, ఆ అంచు రోజూ వైరు తొడుగును కొంచెం కొంచెంగా కోస్తుంది. రాగి బయటపడి రేకుకు తగిలిన రోజు బ్యాటరీ బలమంతా ఆ వైరులోనే కాలుతుంది. తాళం తీసినా ఆగదు. పక్కనే కార్బురేటర్, పెట్రోలు గొట్టం ఉంటాయని మీకు చెప్పనక్కర లేదు.

రెండోది భారం. మెకానిక్ ఆ వైరును కాయిల్ ఒక్కదాని కోసమే అనుకుని వేశారు. కానీ వెనక్కు పారే కరెంటు వల్ల ఇప్పుడు వైపర్, ఇండికేటర్లు, బ్రేకు దీపాలు కూడా దాని మీదే బతుకుతున్నాయి. రెండు బ్రేకు దీపాలు ఒక్కొక్కటి 21 వాట్లవి అనుకుంటే అవే మూడున్నర ఆంపియర్లు. కాయిల్‌కు నాలుగు దాకా పోతుంది. వానలో వైపర్ వేసి, ఇండికేటర్ వేసి, బ్రేకు తొక్కితే లెక్క పది ఆంపియర్లకు చేరుతుంది. బల్లదీపానికి పెట్టే చిన్న స్విచ్ అంత మోయగలదా?

మూడోది మరపు. పాయింట్లంటే కాయిల్ కరెంటును కలిపి విడగొట్టే మొనలు. ఇంజను ఆగినప్పుడు అవి మూసుకుని ఉన్న చోట ఆగితే, చిన్న స్విచ్ ఆపడం మరిచిన పక్షంలో కాయిల్‌లోకి నాలుగు ఆంపియర్లు ఆగకుండా పారుతూనే ఉంటాయి. దాదాపు యాభై వాట్ల వేడి. కాయిల్ లోపల నూనె ఉంటుంది, వేడెక్కి పగిలిన కాయిళ్లు ఉన్నాయి. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయినా రాత్రి గడిచేసరికి చతికిలపడుతుంది. వీటన్నింటికీ మించి, మీ బండికి స్టీరింగు లాక్ ఉంటే ఇంజను నడుస్తుండగానే తాళం బయటికి తీయగలిగే, దానితో స్టీరింగు బిగుసుకుపోగలిగే స్థితి ఇది. ముందు సీట్లో పిల్లలు కూర్చునే కార్లో ఆ మాటే చాలు.

ఇప్పుడు చేయవలసిన పని. మీరే చేయగలరు. లేదా ఈ పేజీ పట్టుకెళ్లి ఆటో ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడండి. మెకానిక్, ఎలక్ట్రీషియన్ ఒకరే కానవసరం లేదు. ఇంజను పని ఎంత బాగా తెలిసినవారికైనా వైరింగు దగ్గర ఓపిక చాలకపోవచ్చు.

ఒక టెస్ట్ ల్యాంప్ చేసుకోండి. హోల్డరులో 12 వోల్టుల బ్రేకు దీపం బల్బు, దానికి రెండు వైర్లు, చివర క్లిప్పులు. అంతే. మల్టీమీటర్ ఉండగా ఇదెందుకని అడగవచ్చు. వైరులో ఒక్క రాగి పోగు మాత్రమే మిగిలి ఉన్నా మల్టీమీటర్ 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది, ఎందుకంటే అది కరెంటు దాదాపు తాగదు. బల్బు దాదాపు రెండు ఆంపియర్లు తాగుతుంది, కాబట్టి బలహీనమైన దారి అక్కడే బయటపడుతుంది. నల్లబడిన స్విచ్ విషయంలో మీటర్ అంకె చూసి ‘స్విచ్ బాగానే ఉంది’ అని తీర్పు చెప్పినవారు ఎందరో.

గేరు న్యూట్రల్‌లో పెట్టండి, హ్యాండ్‌బ్రేకు వేయండి. చేతి ఉంగరాలు, గాజులు తీసేయండి. డైరెక్ట్ వైరును మొదట బ్యాటరీ వైపు, తర్వాత కాయిల్ వైపు విప్పేయండి. అది ఉన్నంతసేపు ఏ పరీక్షా నిజం చెప్పదు. సొలినాయిడ్ దగ్గర ఎర్రగీత తెల్ల వైరును విప్పి, దాని కొసకు టేపు చుట్టి పక్కన పెట్టండి, పరీక్షలో ఇంజను తిరగకుండా ఉంటుంది. టెస్ట్ ల్యాంప్ ఒక క్లిప్పును శుభ్రమైన రేకుకు బిగించి, రెండోదానితో తాళం స్విచ్ వెనుక బ్రౌన్ వైరు ఉన్న టెర్మినల్‌ను తాకండి. బల్బు పూర్తిగా వెలగాలి. తర్వాత తెల్ల వైరు టెర్మినల్. తాళం ‘ఆన్’లో ఉంచితే వెలగదు, లేదా మసకగా వెలుగుతుంది, తాళాన్ని ఊపితే మినుకుమంటుంది. సెల్ఫ్ స్థానానికి తిప్పితే నిండుగా వెలుగుతుంది. ఇలా జరిగితే కేసు ముగిసినట్టే. ‘ఆన్’లోనే నిండుగా వెలిగితే మాత్రం స్విచ్ కొనవద్దు. టెర్మినల్ దగ్గర లగ్గు, అంటే వైరు కొసకు బిగించే లోహపు ముక్క, వదులుగా ఉందేమో చూసి, అక్కడి నుంచి కాయిల్ దాకా ఒక్కో అతుకూ ల్యాంపుతో తాకుతూ వెళ్లండి.

రంగుల గురించి ఒక మాట. నేను చెప్పినవి కంపెనీ వైరింగు రంగులు. ఇన్నేళ్లలో మీ బండి ఎన్ని చేతులు మారిందో, ఎవరి దగ్గర ఆ రోజు ఏ రంగు వైరు మిగిలి ఉందో ఎవరికి తెలుసు? అంబాసిడర్ల డాష్‌బోర్డు కింద నేను చూసిన రంగుల్లో కొన్ని ఏ పద్ధతికీ చెందవు. రంగు చెప్పేదాన్ని ల్యాంపు ఒప్పుకుంటేనే నమ్మండి.

కొత్త స్విచ్ కొనేటప్పుడు పాతదాన్ని విప్పి చేత్తో పట్టుకెళ్లండి. ‘అంబాసిడర్‌ది ఇవ్వండి’ అంటే సరిపోదు, మోడల్‌ను బట్టి టెర్మినళ్లు మారతాయి. మీకు విజయవాడ ఆటోనగర్ దగ్గరే కాబట్టి దొరకడం కష్టం కాదు. విప్పేముందు బ్యాటరీ ఎర్త్ కేబుల్, అంటే బ్యాటరీని బండి రేకుకు కలిపే తీగ, తీసేయండి. ముందు ఎర్త్ వైపే తీయాలి, పానా పొరపాటున రేకుకు తగిలినా నిప్పు రాదు. స్విచ్ వెనుక భాగం ఫోనులో ఫొటో తీసుకుని, ఒక్కో వైరుకు కాగితం టేపు చుట్టి పేరు రాయండి. వైరు కొసలను మెలిపెట్టి టేపు చుట్టే అలవాటును ఒప్పుకోవద్దు. లగ్గు వేసి, సరైన పనిముట్టుతో నొక్కించండి. కొత్త స్విచ్ పడ్డాక డాష్‌బోర్డు కింది చిన్న స్విచ్‌ను, దాని వైరును మొత్తం పీకించేయండి. ‘ఉండనివ్వండి, ఎప్పుడైనా పనికొస్తుంది’ అంటారు. వినవద్దు.

బండి నడిచాక ఒక్క కొలత తీసుకుంటే మంచిది, దీనికి మల్టీమీటర్ కావాలి. ఇంజను ఆపి, పాయింట్లు ఉండే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లు మూసుకుని ఉండేలా ఇంజనును కొంచెం తిప్పి, తాళం ‘ఆన్’ చేయండి. మీటర్ ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు, రెండోది కాయిల్‌కు కరెంటు వచ్చే టెర్మినల్‌కు పెట్టండి. పాత లూకస్ కాయిళ్ల మీద అక్కడ ఎస్‌డబ్ల్యు అని, పాయింట్ల వైపు సీబీ అని రాసి ఉంటుంది. అర వోల్టు లోపు చూపిస్తే దారి బాగున్నట్టు. ఒకటి, రెండు వోల్టులు చూపిస్తే మధ్యలో ఎక్కడో ఇంకో అతుకు కరెంటును తింటోంది. తర్వాత సీబీ టెర్మినల్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య చూడండి. ఇక్కడ ఇంకా తక్కువ, పావు వోల్టు ప్రాంతంలో ఉండాలి. ఎక్కువుంటే పాయింట్లు మాసి ఉండవచ్చు, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపల పలకను ఎర్త్ చేసే చిన్న అల్లిక వైరు తెగి ఉండవచ్చు. కంటికి కనిపించనంత చిన్నది అది, ఇంజనును ఆపగలిగినంత పెద్దది. కొలత పూర్తవగానే తాళం ఆపేయండి, కాయిల్ ఊరికే వేడెక్కుతుంది.

మీకు కొత్తగా వేసిన కాయిల్ మీద నాకు చిన్న అనుమానం ఉంది, తొందరలో మార్చినవాటి మీద ఎప్పుడూ ఉంటుంది. బజారులో రెండు రకాలు దొరుకుతాయి. 12 వోల్టుల మీద నేరుగా నడిచేది ఒకటి, దాని ప్రైమరీ చుట్ట నిరోధం మూడు ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. బల్లాస్ట్ రెసిస్టర్‌తో, అంటే కరెంటును తగ్గించే నిరోధంతో, కలిపి వాడవలసినది ఇంకొకటి, అది ఒకటిన్నర ఓమ్‌లు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. బల్లాస్ట్ లేని బండికి రెండోది బిగిస్తే నాలుగు ఆంపియర్లకు బదులు ఎనిమిది పారుతాయి. కొన్నాళ్లు స్పార్క్ బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత పాయింట్లు కాలిపోతాయి. కాయిల్ వైర్లు రెండూ విప్పి, మీటరును ఓమ్‌ల మీద పెట్టి కొలవండి. కొలిచే ముందు మీటర్ కొసలు రెండూ తాకించి వచ్చిన అంకెను తీసివేయండి, ఇంత చిన్న కొలతల్లో ఆ తేడా లెక్కకు వస్తుంది. పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉందో లేదో కూడా ఫీలర్ గేజీతో చూడమనండి. నడుస్తున్న ఇంజనులో కాయిల్ మధ్య తీగను చేత్తో పట్టుకోవద్దు, అక్కడ వేల వోల్టులు ఉంటాయి.

పాత కాయిల్, పాత కండెన్సర్ మీ దగ్గరే ఉంటే పారేయకండి. అవి చెడిపోలేదని ఇప్పుడు తేలింది కదా. ఒక గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకోండి. దూర ప్రయాణంలో కండెన్సర్ మొరాయిస్తే బల్బు మార్చినంత సేపట్లో మార్చుకోవచ్చు.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మంచిదే. పాయింట్లు అరగడం, సందు సరిచేయడం, కండెన్సర్ గొడవ అన్నీ పోతాయి. కానీ మీ జబ్బుకు అది మందు కాదు. ఆ కిట్‌కు కూడా కరెంటు అదే తాళం స్విచ్ నుంచి, అదే తెల్ల వైరులోంచి రావాలి. పాయింట్లు కొంచెం తక్కువ వోల్టేజీని ఓర్చుకుంటాయి, ఎలక్ట్రానిక్ కిట్‌కు అంత ఓర్పు ఉండదు. ముందు స్విచ్ మార్చి తిరుపతి వెళ్లి రండి. ఆ తర్వాత కూడా మోజు ఉంటే కొనండి. అప్పుడు బ్యాటరీ ఏ కొస రేకుకు కలిపి ఉందో చూసి మరీ కొనండి. పాతకాలపు బ్రిటిష్ తరహా బండ్లలో కొన్నింటికి ప్లస్ వైపు ఎర్త్ ఉండేది. అలాంటి బండికి మైనస్ ఎర్త్ కిట్ బిగిస్తే తాళం తిప్పిన క్షణంలోనే అది కాలిపోతుంది. కిట్‌కు ఎన్ని ఓమ్‌ల కాయిల్ కావాలో పెట్టె మీద రాసి ఉంటుంది, మీరు కొలిచిన అంకెతో సరిపోల్చుకోండి.